కొయ్య గొర్రెల సంతోషం

పిల్లల క్రిస్మస్ పుస్తకాలంటే వెంటనే గుర్తుకు వచ్చేవి మంచు, ఎర్రకోటు తాతయ్య, బహుమతుల మూట. అటువంటివి మేము చాలా చూశాము. చదివిన పూటకు బాగుంటాయి, మర్నాటికి పిల్లలే మరచిపోతారు. అయితే అమెరికాలో నర్సుగా ఉన్న మా అక్కగారి అమ్మాయి 2012లో సెలవులకు వస్తూ తెచ్చిన ఒక పుస్తకం మాత్రం ప్రతి డిసెంబరులోనూ మా బీరువాలో నుంచి బయటికి వస్తూనే ఉంది. మూలలు నలిగిపోయాయి, అట్టకు రెండుసార్లు గుడ్డ అతికించాము. ఆ పుస్తకాన్ని గురించి ప్రియ పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఇది రాస్తున్నాము. మేము అంటే భార్యాభర్తలం ఇద్దరం. సండేస్కూలులో ఒకరం చదువుతుంటే ఒకరం బొమ్మలు చూపిస్తాము. కాబట్టి రాయడం కూడా ఇద్దరమూ కలిసే.

పుస్తకం పేరు ‘ది క్రిస్మస్ మిరకిల్ ఆఫ్ జోనతన్ టూమీ’. రాసినవారు అమెరికా రచయిత్రి సూసన్ వోజ్‌చెకోవ్‌స్కీ. బొమ్మలు వేసినవారు ఐర్లాండులోని బెల్ఫాస్టు నగరంలో పుట్టిన పి. జె. లించ్. 1995లో వెలువడింది. ఆ సంవత్సరానికిగాను ఇంగ్లండులో గ్రంథాలయాధికారుల సంఘంవారు పిల్లల పుస్తకాల చిత్రకారులకు ఇచ్చే కేట్ గ్రీనవే పతకం ఈ బొమ్మలకే వచ్చింది. (2022లో ఆ పతకం పేరు మార్చారు.) మా పిల్లలకు ఈ సంగతులు పట్టవు. వాళ్లకు కావలసింది టూమీగారి గడ్డం, ఆయన ముందున్న ఉలి, కిటికీలో నుంచి బల్లమీద పడే వెలుగు. ఆ వెలుగును లించ్‌గారు ఎంత చక్కగా వేశారంటే, ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లలు చేయి చాపి తాకి చూస్తారు.

కథ చెప్పాలి. ఒక ఊళ్లో జోనతన్ టూమీ అనే వడ్రంగి ఉంటాడు. కొయ్యతో బొమ్మలు చెక్కడంలో ఆయనంతటివాడు లేడు. కాని ఎవరితోనూ మాట్లాడడు, నవ్వడు, తలవంచుకొని ఏదో సణుక్కుంటూ పోతాడు. ముసలివాడు కాదుగాని ఆ నడక చూస్తే ముసలివాడనిపిస్తుంది. ఊళ్లో పిల్లలు ఆయనకొక ఎగతాళి పేరు పెట్టారు. ఇంగ్లీషులో అది టూమీకి ప్రాస కలిసే మాట. తెలుగులో మాకు కుదరక, చివరకు ‘ముటముట మావయ్య’ అన్నాము. పిల్లలు పడి పడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే తరువాతి పేజీ వస్తుంది. ఆయన భార్య, చంటిబిడ్డ ఇద్దరూ జబ్బుచేసి, కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ బాధతో సామాను సర్దుకొని, ఎవరూ తెలియని ఈ ఊరికి వచ్చి పడ్డాడు. ఈ సంగతి ఊళ్లో పిల్లలకు తెలియదు. వింటున్న మా పిల్లలకు తెలిసింది. ప్రతి ఏటా ఆ పేజీ దగ్గర గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

ఒకనాడు ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఒక విధవరాలు, మెక్‌డోవెల్ అనే ఆమె, తన కొడుకు టామస్‌ను వెంటబెట్టుకొని ఆయన తలుపు తడుతుంది. క్రిస్మస్‌కు ఇంట్లో పెట్టుకొనే కొయ్యబొమ్మలు ఇల్లు మారేటప్పుడు పోయాయి. అవి తాతగారి చేతి పని. గొర్రెలు, ఆవు, దేవదూత, జ్ఞానులు, యోసేపు, మరియ, శిశువైన యేసు. అటువంటివే మళ్లీ చేసి పెట్టాలి. క్రిస్మస్‌నాటికి అందుతాయా అని అడుగుతుంది. ఎప్పుడవుతాయో అప్పుడే అవుతాయని ఆయన కసురుకున్నట్టు చెబుతాడు.

ఇక్కడ మా పెద్దవాళ్ల కూటంలో ఒక పెద్దాయన నవ్వుతూ ఒక మాట అన్నారు. మన ఊళ్లలో అయితే భర్త పోయిన ఆడమనిషి ఒంటరి మగవాడి గుమ్మం తొక్కితే నలుగురూ ముక్కున వేలు వేసుకుంటారని. నిజమే. అందుకే కాబోలు ఆమె పిల్లవాణ్ణి తీసుకొని, పని ఒప్పజెప్పడానికే వెళ్లింది. కాని మాకు నచ్చినది మరొకటి. మన ప్రసంగాలలో విధవరాలంటే ఎప్పుడూ సహాయం పుచ్చుకొనే మనిషే. బియ్యం, చీర, దుప్పటి పంచినప్పుడు ఆమె పేరు చదువుతారు. పెండ్లిపందిట్లో మాత్రం, క్రైస్తవ కుటుంబాలలో కూడా, ఆమె ముందుకు రావడానికి ఇంకా జంకుతుంది. ఈ పుస్తకంలో ఇచ్చేది ఆమె. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక తినుబండారం వేడివేడిగా చేసి, గుడ్డలో చుట్టి తెస్తుంది. ఏలీయాకు రొట్టె పెట్టిన సారెపతు విధవరాలు గుర్తుకు వచ్చింది మాకు. ఆమె దగ్గర పిడికెడు పిండే ఉన్నది, అయినా ఇంటికి వచ్చినవాడు తిన్నది ఆమె చేతి రొట్టే గదా.

పిల్లవాడి విషయానికి వద్దాము, పుస్తకానికి ప్రాణం వాడే. టామస్‌కు పెద్దయ్యాక బొమ్మలు చెక్కేవాడు కావాలని ఉంటుంది. కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటానంటే చూడనిస్తానంటాడు టూమీ. వాడు కూర్చుంటాడు. కాసేపు ఊరుకొని, క్షమించమని అడిగి, నా గొర్రెను తప్పుగా చెక్కుతున్నారని చెబుతాడు. గొర్రె చక్కగానే ఉంది, అయితే తన ఇంట్లో ఉండిన గొర్రెలు సంతోషంగా ఉండేవట. యేసు దగ్గర ఉన్నాయి కాబట్టి. గొర్రెలు సంతోషంగా కనబడడం ఎక్కడిదని ఆయన విసుక్కుంటాడు. తనవి కనబడేవని వాడు పట్టువదలడు. ఆ తరువాత ఆవు. అది మామూలు ఆవు కాదు, ప్రభువు తన పాకను ఎన్నుకున్నాడని గర్వంగా ఉండే ఆవు. దేవదూత, జ్ఞానులు, యోసేపు, ఎవరినీ వదలడు. పసివాడు చెప్పినకొద్దీ ఆ పెద్దమనిషి సణుగుతూనే దిద్దుకుంటాడు.

మాది పల్నాడు వైపు పల్లెటూరు. సండేస్కూలుకు వచ్చే పిల్లలలో జీవాలు మేపే ఇళ్లవాళ్లు కొందరున్నారు. కొయ్య గొర్రెకు సంతోషం ఎలా వస్తుందని మేము అడిగితే, వాళ్లు మాకే పాఠం చెప్పారు. కడుపు నిండిన గొర్రె నెమరువేస్తూ కళ్లు సగం మూస్తుందట. బెదిరిన గొర్రె చెవులు ఒక తీరుగా, నిమ్మళంగా ఉన్న గొర్రె చెవులు ఒక తీరుగా ఉంటాయట. ఒక అబ్బాయి లేచి నిలబడి రెండు చేతులూ చెవుల్లా పెట్టి చూపించాడు. ఇంకొకడు, మా నాన్న కొండపల్లి బొమ్మలు కొన్నాడండి, వాటికి తెల్లపొణికి కర్ర వాడతారండి, ఉలికి మెత్తగా వస్తుందండి అన్నాడు. మంచు ఎలా ఉంటుందో మేము చెప్పలేకపోయాము. పత్తి ఏరే రోజులు కదా, చేలో విచ్చుకున్న పత్తిలా ఉంటుంది గాని చల్లగా ఉంటుందన్నాము. గొర్రెల దగ్గర మాత్రం వాళ్లకు ఏ అనువాదమూ అవసరం లేకపోయింది.

చివరకు మరియ, శిశువు మిగులుతారు. టూమీ ఎంత ప్రయత్నించినా చేయి సాగదు. కాగితంమీద గీస్తాడు, పారవేస్తాడు, మళ్లీ గీస్తాడు. క్రిస్మస్ ముందురాత్రి, ఎవరినీ ముట్టనివ్వని తన సొరుగు తీసి అందులోని ఒక బొమ్మ బయటికి తీస్తాడు. ఊగే కుర్చీలో కూర్చొని చంటిబిడ్డను ఎత్తుకొన్న స్త్రీ బొమ్మ అది. చనిపోయిన తన భార్య, బిడ్డ. దాన్ని ఎదురుగా పెట్టుకొని చెక్కుతాడు. తెల్లవారి ఆ బొమ్మలను విధవరాలి ఇంటికి తీసుకొనివెళ్లి, వాళ్లతో కలిసి ఆలయానికి వెళతాడు.

ఈ కథలో ఎక్కడా ఓదార్పు ప్రసంగం లేదు. ఇది మేము చాలాసార్లు చదివాకగాని గమనించలేదు. అంతా దేవుని చిత్తమని ఎవరూ అనరు. ఏడవకూడదని, నిబ్బరంగా ఉండాలని, నీకంటే బాధపడుతున్నవాళ్లు ఉన్నారని ఎవరూ చెప్పరు. ఆ తల్లీకొడుకులు చేసినది ఒక్కటే. ఆయనకు బాగా వచ్చిన పని ఆయనకే అప్పజెప్పారు, ఆ పని జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చున్నారు, మళ్లీ మళ్లీ వచ్చారు. యోబు స్నేహితుల సంగతి అందరికీ తెలిసినదే. ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట పలుకలేదు (యోబు 2:13). అంతవరకు వాళ్లను మించిన స్నేహితులు లేరు. నోరు తెరిచాకనే అంతా చెడింది.

క్రిస్మస్ కాలంలో దుఃఖం ఉన్న ఇంటిని మనం ఏం చేస్తున్నామో ఒకసారి చూద్దాము. ఆ ఏడు ఆ ఇంటిమీద నక్షత్రం కట్టరు, అరిసెలు వండరు. కేరల్స్ పాడుతూ వెళ్లే యౌవనస్థులు ఆ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి డోలు ఆపి, నెమ్మదిగా దాటిపోతారు. ఇది గౌరవంతో చేసేదే, తప్పుపట్టడం లేదు. కొందరు తమ ఇంటిముందు పాడవద్దని ముందే కబురు చేస్తారు, ఆ మాట మన్నించాలి. కాని కబురు చేయని ఇళ్లున్నాయి. తలుపు వెనుక మెలకువగా ఉండి, పాట దగ్గరికి వచ్చి దూరమైపోవడం వినేవాళ్లున్నారు. క్రిస్మస్ అంటే సంతోషించేవాళ్ల పండుగ అనీ, ఏడ్చేవాళ్లు వచ్చే ఏడు కలవవచ్చనీ మనలో ఒక లెక్క ఏర్పడిపోయింది. మత్తయి సువార్త అలా చెప్పదు. జ్ఞానులు వచ్చి కానుకలు అర్పించిన ఆ రెండవ అధ్యాయంలోనే బేత్లెహేము తల్లుల ఏడ్పు ఉంది, ఓదార్పు పొందనొల్లని రాహేలు ఉంది. మన క్రిస్మస్ నాటకాలలో హేరోదు వేషానికి ఎంత పోటీయో మీకు తెలుసు. మీసాలు, కత్తి, పెద్ద గొంతు. జనం నవ్వుతారు. పిల్లలను పోగొట్టుకొన్న తల్లి వేషం మాత్రం మేము చూసిన నాటకాలలో ఎవరికీ ఇవ్వలేదు.

మా ఊళ్లో జరిగినది ఒకటి చెబుతాము. మా సంఘంలో ఒక దర్జీ ఉన్నారు. పిల్లల నాటకానికి దేవదూతల తెల్లంగీలు ఏటేటా ఆయనే కుట్టిపెట్టేవారు, పైసా తీసుకోకుండా. 2014 అక్టోబరులో ఆయన పెద్దకొడుకు మోటారుసైకిలు ప్రమాదంలో చనిపోయాడు. డిసెంబరు వచ్చింది. ఈ ఏడు ఆయనను శ్రమపెట్టవద్దు, పట్నంలో అద్దెకు తెద్దామని సంఘపెద్దలు అనుకున్నారు. మంచి మనసుతో అనుకున్నదే. అద్దె అంగీలు వచ్చాయి. మూడో తరగతి చదివే ఒక పాపకు ఇచ్చిన అంగీ నేలమీద ఈడ్చుకుంటోంది. ఆ పాప ఎవరికీ చెప్పకుండా దాన్ని చంకన పెట్టుకొని తిన్నగా ఆయన ఇంటికి వెళ్లింది. ఆ ముందు ఆదివారమే టూమీ కథ విన్నది. అది గుర్తుండి వెళ్లిందో, అంగీ పొడుగైతే తాతయ్య దగ్గరికే వెళ్లాలని వెళ్లిందో మాకు తెలియదు. పాపనూ అడగలేదు.

ఆ ఇంట్లో జరిగినది తరువాత ఆయన భార్య చెప్పారు. మిషనుమీద గుడ్డ కప్పి రెండు నెలలైంది. పాప వెళ్లి, తాతయ్యా, ఇది కాళ్లకు అడ్డం పడుతోంది అన్నదట. పోయి మీ అమ్మతో కుట్టించుకోమ్మా అన్నారట ఆయన. మా అమ్మకు అంచు మడవడం రాదు తాతయ్యా, వంకర పోతుంది అన్నదట. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పాప గడపమీద కూర్చున్నది. కాసేపటికి లేచి, కప్పిన గుడ్డ తీసి, నూనె వెతుక్కొని మిషనుకు వేసుకొన్నారు. అంచు మడిచాక ఆ కుట్టు చూసి, ఈ అంగీ కుట్టినవాడెవడో చేతకానివాడని తిట్టారట. ఇంట్లో ఆ రెండు నెలల్లో ఆయన గొంతు పెంచి మాట్లాడడం అదే మొదలు, ఆ తిట్టు విని నేను లోపలికి పోయి ఏడ్చానండి అని చెప్పారామె. సాయంత్రానికి మిగతా అంగీలు కూడా తెమ్మని కబురు వచ్చింది.

నాటకంనాడు ఆయన ఆలయంలోకి రాలేదు. పందిరి చివర, వేపచెట్టు పక్కన నిలబడ్డారని కొందరన్నారు. పాట అవుతుండగానే వెళ్లిపోయారు. మరుసటి ఏడు కూడా లోపలికి రాలేదు, అంగీలు మాత్రం కుట్టారు. ఎప్పుడు వచ్చి కూర్చున్నారో మేము ప్రత్యేకించి గమనించలేదు, ఒక ఆదివారం చూస్తే ఆయన ఎప్పటి చోటులోనే ఉన్నారు.

అందువల్ల ఈ పుస్తకంమీద మాకొక ఫిర్యాదు ఉంది. ముగింపు మరీ తొందరగా వచ్చేస్తుంది. ఒక్క రాత్రిలో సొరుగు తెరవడం, ఒక్క తెల్లవారుజామున ఆలయానికి రావడం, ఊరివాళ్ల ముందు తల ఎత్తి నవ్వడం. పిల్లల పుస్తకం గనుక అలా ముగించక తప్పదేమో. 2007లో దీన్ని సినిమాగా కూడా తీశారు, కథ ఇంకా పెంచి. మాకైతే పుస్తకమే చాలు, అందులోనూ మొదటి ముప్పాతిక భాగం. తలుపు తట్టడం, కసురుకోవడం, మళ్లీ రావడం, ఇవి నిజం బ్రదుకులో కూడా సరిగ్గా ఇలాగే జరుగుతాయి.

ఇంకొక సందేహం మన సంఘాలలో కొందరికి రావచ్చు. ఇవి బొమ్మలు కదా, పెట్టుకోవచ్చునా అని. ఇటలీలోని గ్రెచ్చో అనే చోట 1223లో ఫ్రాన్సిస్ అనే భక్తుడు ఎడ్డును, గాడిదను తెచ్చి పశువులతొట్టి దృశ్యాన్ని జనానికి చూపించాడు. ఆ తరువాత ఈ వాడుక బాగా వ్యాపించింది. మన ప్రొటెస్టెంటు ఇళ్లలో కొందరు గడ్డిపాక వేసి ఊరుకుంటారు, కొందరు బొమ్మలు కూడా పెడతారు. ఆ చర్చలోకి మేము పోవడం లేదు. కథ కోసం బొమ్మలు కొనవలసిన పనేమీ లేదు. మా పిల్లలు చెరువుమట్టితో గొర్రెలు చేశారు, చెవులు మాత్రం చాలా జాగ్రత్తగా పెట్టారు.

చదవాలనుకొన్నవారికి రెండు మాటలు. బొమ్మల పుస్తకమే అయినా రాత ఎక్కువ. పూర్తిగా చదివితే అయిదేళ్లలోపు పిల్లలు కదిలిపోతారు. వారికి బొమ్మలు చూపిస్తూ మన మాటల్లో చెప్పడం మేలు. ఇంగ్లీషు పుస్తకం కాబట్టి ముందుగా ఒకసారి చదువుకొని తెలుగు మాటలు సిద్ధం చేసుకోవాలి. మనకు లేని వంటకాల దగ్గర బెల్లపు రొట్టె అనుకుంటే సరిపోతుంది. భార్యాబిడ్డలు చనిపోయిన పేజీని దాటవేయవద్దు. చిన్నపిల్లలకు చావు గురించి ఎందుకని ఒకరిద్దరు తల్లులు మమ్మల్ని అడిగారు. పల్లెటూరి పిల్లలు చావును చూడకుండా పెరగరు. మనం చెప్పకపోతే దాన్ని గురించి ఎవరితోనూ మాట్లాడరు, అంతే తేడా. ఆ పేజీ చదివిన ఒక ఏడు, తమ్ముణ్ణి పోగొట్టుకొన్న ఒక పిల్ల మొదటిసారి వాడి పేరు మా ముందు పలికింది. మిగతా పిల్లలు వాడు ఏ ఆట ఆడేవాడో ఒక్కొక్కరే గుర్తుచేశారు. ఆ రోజు కథ ముగించలేదు, వచ్చే ఆదివారానికి వాయిదా వేశాము.

పుస్తకం మూసిన తరువాత పిల్లలు అడిగే ప్రశ్నలకు మా దగ్గర జవాబులు ఉండవు. కిందటి డిసెంబరులో ఒక చిన్నవాడు, ఆమె పోగొట్టుకొన్న పాత బొమ్మలు ఎవరికి దొరికాయండి అని అడిగాడు. పుస్తకంలో అది లేదన్నాము. దారిలో పడిపోయి ఉంటాయని ఒకరు, బండివాడు తీసుకొని ఉంటాడని ఒకరు, ఎలుకలు కొట్టేసి ఉంటాయని ఒకరు. పెద్ద గొడవ అయింది. గంట కొట్టేదాకా తెగలేదు. ఇళ్లకు పోతూ కూడా మాట్లాడుకుంటూనే ఉన్నారు, వీధి మలుపు తిరిగేదాకా మాకు వినబడింది.